చెల్లి కొన్న చిన్న సింథసైజర్

మా చెల్లి జీవితమంతా ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టింది. చూపు ఆనక కుట్టుపని మానేశాక, సింథసైజర్ కొని సొంతంగా పాటలు కట్టాలని ముచ్చటపడింది. మా ఇంటావంటా లేని కోరిక. దుకాణానికి నన్నూ తీసుకెళ్లింది. అక్కడ పెద్దది వాయిస్తుంటే చెల్లి మొహం వెలిగిపోయింది. కానీ ఇంట్లో కిటికీ పక్కన మూరెడు చోటే ఉందని, టేపుతో కొలిచి మరీ అన్నిటికంటే చిన్నది ఎంచుకుంది. దాన్ని వాయించి చూడనే లేదు.

ఇంటికొచ్చి వేలు పెడితే రెండు మీటలు ఒక్కసారే మోగాయి. ఊరందరి కొలతలూ తీసిన మనిషి తన వేళ్ల లావు చూసుకోలేదు.

"చొక్కా అయితే కుట్టు విప్పి వదులు చేసేదాన్ని. దీన్నేం చేయనక్కా?" అంది.

"ఇచ్చేసి పెద్దది తెచ్చుకోవే" అన్నాను.

"ఎక్కడ పెడతావమ్మా?" అన్నాడు దాని కొడుకు, ఫోన్లోంచి తలెత్తకుండా.

హాలు మధ్యలో వాడి ట్రెడ్‌మిల్ ఉంది. కొన్నప్పటి నుంచీ దానిమీద తడిబట్టలే ఆరుతున్నాయి.

"ఆ దండేన్ని తీసెయ్‌రా, చోటు అదే వస్తుంది" అన్నాను. వాడు ఫోన్లోకే చూస్తూ నవ్వాడు.

"పోనీలే అక్కా, ఎప్పుడైనా నడుస్తాడేమో" అంటూ చెల్లి సింథసైజర్‌ని అట్టపెట్టెలో పెట్టి మూసేసింది.