మా సార్ దాచిన కొలత

సార్ పోయారని తెలిసినప్పుడు నా చేయి ఒకాయన పొట్ట మీద ఉంది. కిడ్నీలో రాయేమోనని స్కాన్‌కి వచ్చిన మనిషి. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి తలుపు సగం తెరిచి, "మేడమ్, పెద్దసారు పోయిండ్రంట. ఇంటినుంచి ఫోనొచ్చింది" అని చెప్పి అక్కడే నిలబడిపోయింది. నేను "సరే" అన్నాను. రాయిని కొలిచాను. జెల్ తుడుచుకోమని ఆయనకు టిష్యూలు ఇచ్చాను. ఆయన వెళ్లాక తలుపు వేసుకుని, ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. గురువు గురించి రాసేటప్పుడు ఉండాల్సిన నెమ్మది ఇందులో కనబడకపోతే మన్నించండి.

చిలకలగూడలో, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల షాపు పైన రెండు గదుల స్కాన్ సెంటర్ మాది. సార్ అక్కడ అల్ట్రాసౌండ్ డాక్టర్. చదువు పూర్తయిన కొత్తలో చేరి, తొమ్మిదేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను. సార్ వాళ్లది మూడు తరాలుగా బోయిగూడ. మాది బొబ్బిలి వైపు, నాన్న ఉద్యోగంతో పాటు వచ్చినవాళ్లం. నేను పేషెంట్‌తో మొదటిసారి మాట్లాడగానే సార్ నవ్వి, "నీది పేపర్ తెలుగమ్మా. 'ఊపిరి బిగబట్టండి' అంటే ఈమె ఏమో అనుకుంటది. 'దమ్ము పట్టు' అను" అన్నారు.

ఆ రోజే పరీక్ష కూడా పెట్టారు. "పొట్టల ఏమేం ఉంటయో చెప్పు."

కాలేయం, పిత్తాశయం, క్లోమం, రెండు కిడ్నీలు అని గడగడా చెప్పాను.

"తిల్లి ఏడవాయె?"

ప్లీహాన్ని ఆయన ఎప్పుడూ తిల్లి అనే అనేవారు. "అది కూడా ఉంటుంది సార్" అన్నాను.

"'అది కూడా' ఏంది? రేపటిసంది అదే మొదలు చూడు."

నిజంగానే నెలరోజుల పాటు ప్రతి పేషెంట్‌కీ ఎడమవైపు నుంచే మొదలుపెట్టించారు. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకల చాటున, పిడికిలంత ఉంటుంది ప్లీహం. పైన ఊపిరితిత్తి, ముందు జీర్ణకోశం, కింద కిడ్నీ. ఈ మూడింటి మధ్య ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా సర్దుకుని కూర్చుంటుంది. పాతబడిన ఎర్ర కణాలను ఏరి పారేస్తుంది, రక్తంలోకి వచ్చిన క్రిములను పట్టుకుంటుంది. తెర మీద ఒకే తీరు బూడిదరంగులో, కాలేయం కన్నా ఒక పిసరు తెల్లగా, మచ్చ లేకుండా కనబడుతుంది. పొడవు పన్నెండు సెంటీమీటర్లు దాటితే ఆగి ఆలోచించాలి. మలేరియాలో, టైఫాయిడ్‌లో ఉబ్బుతుంది. కాలేయం గట్టిపడితే రక్తం ముందుకు పోయే దారిలేక ఇది పెరుగుతుంది. కొన్ని రక్తపు జబ్బుల్లో బొడ్డు దాకా దిగుతుంది. కడుపులో బల్ల పెరిగిందని పాతవాళ్లు చెప్పేది దీని గురించే.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకాల్లో లేనిది సార్ ఓపిక. మా రిపోర్టు ఫారంలో 'ప్లీహం నార్మల్' అనే లైను కంప్యూటర్‌లో ముందే టైపై ఉండేది. పొద్దున రాగానే ఆయన చేసే మొదటి పని ఆ లైను చెరిపేయడం. "చూసినోడు రాయాలె. మిషన్ రాస్తే ఎట్ల?" అనేవారు. ఒక్కో పేషెంట్‌కి ఇన్ని నిమిషాలేనని సెంటర్ ఓనర్ గోడ మీద కాగితం అంటించాడు. సార్ దాని మీద తన తువ్వాలు ఆరేసేవారు.

చేరిన రెండో నెలలో బన్సీలాల్‌పేట నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మూడు రోజుల కిందట స్కూటర్ వెనక కూర్చుని వెళ్తూ పడిపోయిందట. ఎడమ భుజం నొప్పి. భుజానికి ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉందన్నారు. పొట్ట ఉబ్బరంగా ఉందంటే గ్యాస్ అని మందిచ్చి, ఎందుకైనా మంచిదని స్కాన్‌కి పంపారు. నేను చూశాను. అంతా బాగానే కనబడింది. అలాగే రాశాను.

సార్ నా భుజం మీదుగా తెర చూస్తూ, "అమ్మా, నొప్పి ఏ భుజానికి?" అని ఆమెనే అడిగారు.

"ఎడమ దిక్కు సార్. పండుకుంటే ఇంకా గుంజుతది."

"పడ్డప్పుడు భుజం నేలకు తాకిందా?"

ఆమె ఆలోచించింది. "లే సార్. డొక్క తాకింది."

సార్ కుర్చీలోంచి నన్ను లేపారు. పక్కటెముకల సందులోంచి, మెల్లగా, ఒక్కో వేలి దూరం జరుపుతూ చూపించారు. కొత్తగా కారిన రక్తం కొన్నిసార్లు ప్లీహం రంగులోనే ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. నేను రంగు చూసి మోసపోయాను. "రంగు చూడకు, అంచు చూడు" అన్నారు. అప్పుడు కనబడింది. ప్లీహం అంచు ఉండాల్సిన చోట లేదు, లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని మీద పొర కింద గరిటెడు రక్తం గూడుకట్టుకుని ఉంది. ఆ పొర చిరిగితే మనిషి దక్కదు. అక్కడ పుట్టే నొప్పి నరాల వెంట పాకి భుజంలో తెలుస్తుందట.

ఆమెను ఆటో ఎక్కనివ్వలేదు సార్. అంబులెన్స్ పిలిపించి, తనూ ఎక్కి, ఆసుపత్రిలో సర్జన్ చేతికి ఫిల్మ్ ఇచ్చి గానీ తిరిగి రాలేదు. ఆమె బతికింది. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద మా సెంటర్‌కి వచ్చినప్పుడు, ఆపరేషన్ చేసిన డాక్టర్ దేవుడని, ఆయన ఫోటో ఇంట్లో పెట్టుకున్నానని చెప్పింది. సార్‌ని చూసి, "ఈ కాంపౌండరు తాతే నన్ను అంబులెన్స్‌ల తీస్కపోయిండు" అంది. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం, "తాత అన్నందుకు బాధ గానీ, కాంపౌండర్ అంటే ఏముంది" అని నవ్వేశారు.

అంతగా అంచులు చూసే మనిషి పక్కన కూర్చుని, నేను ఆయనను చూడలేదు. నా కోపంలో సగం నా మీదే.

ఆఖరి ఏడాదిన్నరలో సార్ తిండి తగ్గింది. డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని మూత పెట్టేసేవారు. "ఏంది సార్, అయిపోయిందా?" అని అటెండర్ అడిగితే, "వయసైంది, గింత తింటెనే నిండుతుంది" అనేవారు. చొక్కా వదులైంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి స్కాన్ గది తలుపు వేసుకుని పది నిమిషాలు నడుం వాల్చేవారు. పెరిగిన ప్లీహం జీర్ణకోశాన్ని నొక్కుతుంది కాబట్టి, నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందా అని పేషెంట్‌ని అడగాలని నాకు నేర్పిందే ఆయన. ఆ ప్రశ్న రోజుకి ఎంతమందిని అడిగానో. ఆయనను ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు మిషన్‌లో జాగా నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. పాత బొమ్మలు చెరిపేస్తూ ఉంటే 'టెస్ట్' అనే పేరుతో ఒక పేషెంట్ కనబడ్డాడు. మగమనిషి, వయసు అరవై ఏడు. ఏడాదిలో అయిదుసార్లు స్కాన్. అన్నీ ప్లీహం బొమ్మలే. మొదటిదాని కొలత పద్నాలుగు సెంటీమీటర్లు. తర్వాత పదిహేను, పదిహేడు, పద్దెనిమిదిన్నర. ఆఖరిది ఇరవై దాటింది. మిషన్ బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఎవరినో పడుకోబెట్టి చూశారేమో అనుకున్నాను. అప్పుడు టైము చూశాను. అయిదూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే.

తలుపు వేసుకుని, కుడిచేత్తో తన డొక్క మీద స్కాన్ చేసే ప్రోబ్ ఆనించుకుని, ఎడమచేత్తో మీటలు వెతుక్కుంటూ ఆయన తనను తానే చూసుకుని ఉంటారు. బొమ్మలు వంకరగా, ఎముకల నీడలు అడ్డంపడి ఉన్నాయి. కొలత గుర్తులు మాత్రం ఈ కొసకి ఒకటి, ఆ కొసకి ఒకటి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి.

ఆయన బయట టీ తాగుతున్నారు. లోపలికి పిలిచి తెర చూపించాను.

టీ గ్లాసు మిషన్ పక్కన పెట్టారు. "డిలీట్ చేద్దామనుకుంట మర్చిపోయిన" అన్నారు.

"ఏడాది నుంచి తెలుసా సార్ మీకు? ఎవరికీ చెప్పలేదా? ఇంట్లో ఆంటీకైనా?"

"చెప్తే ఏమైతది? పరేషాన్ అయితది."

"మనం రోజూ అందరికీ చెప్తున్నాం కదండీ! ఒక్క సెంటీమీటర్ పెరిగితే రక్తపరీక్షకి పంపిస్తారు మీరు. మీకొక రూలా?"

గొంతు పెంచాను. ఆయన దగ్గర అలా మాట్లాడడం అదే మొదటిసారి. సార్ కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

"నేను చూసుకున్నన్ని రోజులు అది బొమ్మ అమ్మా. నువ్వు చూసి కాగితం మీద రాస్తే రోగమైతది. గంతే. భయమైంది."

ఇంత చదువూ, ఇంత అనుభవమూ ఉన్న మనిషి ఆ మాట అంటే ఏం చేయాలి? నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత అన్నీ గబగబా జరిగాయి. రక్తపరీక్షలు, ఎముక మజ్జ పరీక్ష. మజ్జ గట్టిపడిపోయి రక్తం తయారుచేయడం మానేసే జబ్బు. ఆ పని కూడా ప్లీహమే నెత్తిన వేసుకుని అలా పెరిగిపోయింది. ఏడాది ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదని రక్తపు జబ్బుల డాక్టర్‌ని అడిగాను. "ఇంకొన్ని దారులు ఉండేవి. గ్యారంటీ మాత్రం చెప్పలేను" అన్నాడు. ఆ జవాబు నన్ను ఎటూ నిలవనివ్వదు. పూర్తిగా ఆయనదే తప్పు అనలేను, ఏమీ అయ్యేది కాదని ఊరుకోనూ లేను. మాత్రలు, రక్తం ఎక్కించడం, జ్వరాలు. ఎనిమిది నెలలు గడిచాయి.

సార్ పోయిన రోజు మా డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో 'బాధ లేకుండా వెళ్లిపోయారు' అని పెట్టారు. ఆ పెట్టినవారు ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరోజూ చూడ్డానికి రాలేదు.

పదకొండో రోజు సార్ ఇంటికి వెళ్లాను. ఆంటీ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి పీట వేసింది.

"మీ సారు రోజూ సగం డబ్బా వాపస్ తెస్తుండె. నా చేతి వంట ఖరాబైందనుకున్న బిడ్డా. నూనె మార్చిన, కారం తగ్గించిన, మా చెల్లెను అడిగి కొత్త కూరలు సుత నేర్చుకున్న. ఒక్కమాట చెప్తే ఏం పోయెడిది ఆయనకు?"

ఆమె అడిగింది నన్ను కాదు. గోడ మీద దండ వేసిన ఫోటోని సార్ ఉన్నట్టే కోపంగా చూస్తోంది. ఆ ఇంట్లో నా కోపానికి తోడు దొరికిందనిపించి, అప్పుడు ఏడ్చాను.

ఇన్నేళ్ల జ్ఞాపకాల్లో నన్ను వదలనిది ఆ బొమ్మలు దొరికిన మర్నాటి ఉదయం. పేషెంట్లు రాకముందే సార్‌ని రమ్మన్నాను. పడుకోకపోతే ఆంటీకి ఫోన్ చేస్తానని బెదిరించాను. సార్ చొక్కా విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టారు. నేను చెప్పకముందే కుడివైపు ఒత్తిగిలి, ఎడమచేయి తలమీదికి పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నారు. అలా పడుకుంటే ఆయనకు తెర కనబడదు.

"దమ్ము పట్టండి సార్" అన్నాను.

పట్టారు. ప్లీహం పక్కటెముకల చాటు నుంచి కిందికి దిగింది. తెరలో పట్టలేదు. రెండు ముక్కలుగా కొలవాల్సి వచ్చింది. కిడ్నీని పక్కకి తోసేసింది. ఆయన నేర్పినట్టే అంచంతా చూసుకుంటూ వెళ్లాను. నున్నగా ఉంది. లోపల ఎక్కడా గడ్డ లేదు, మచ్చ లేదు. పెద్దదవడం తప్ప దానిలో ఏ తప్పూ లేదు. ఇంకెక్కడైనా, ఇంకేదైనా తేలికైన కారణం కనబడుతుందేమోనని వెతుకుతూ ఉండిపోయాను.

అప్పుడు తలమీద ఉన్న ఆయన చేయి కదిలింది. చూపుడు వేలు ఒక్కటి, బళ్లో అనుమతి అడిగినట్టు, పైకి లేచింది. చెవి ఎర్రబడింది. దమ్ము వదలమని నేను చెప్పడం మర్చిపోయాను. చెప్పలేదు కాబట్టి ఆయన వదల్లేదు.

"వదలండి సార్, వదలండి."

వదిలారు. నా చేతి కింద పక్కటెముకలు మెల్లగా దిగాయి. తెర మీద ఆ బూడిదరంగు అంచు ఒక్క వేలెడు పైకి జరిగి అక్కడే ఆగింది. గోడ వైపు తిరిగి ఉన్న ఆయన, ఎంతుందని అడగలేదు.