ఏ మూత దేనిదో తెలియక

తమిళుల ఆడి నెల ఆఖరి మంగళవారం, పొద్దున పదిన్నర. పన్నెండేళ్లుగా ఆ గంట నన్ను వదల్లేదు. ఇది చదివే నీకు చెప్పి ఆ బరువు దించుకుంటాను. క్షమించమని అడగడానికి కాదు.

నేనొక కాలేజీ ల్యాబులో గాజు సామాన్లు కడిగేదాన్ని. వ్యాసర్పాడి నుంచి బస్సులో పోయేదాన్ని. ఐదో తరగతి చదివానని అబద్ధమాడి ఆ పనిలో చేరాను.

వసంతి అక్కడ పరిశోధన చేసే పిల్ల, మన తెలుగింటిదే. ఎనిమిది నెలలు క్రిములకు వారం వారం కొంచెం మందు పెంచి పోసింది. చాలామట్టుకు చచ్చాయి. మిగిలినవాటి సంతతి మందుకు చావడం మానేసింది. వేరే గిన్నెల్లో మందు తగిలితే చచ్చే క్రిములున్నాయి. రెంటినీ కలిపితే మొదటివి తమ గుణాన్ని రెండోవాటికి ఇస్తాయా అన్నది ఆమె ప్రశ్న. బిడ్డలను కనకుండానే, పక్కదాని చేతికిచ్చినట్టు ఇస్తాయట.

ముందటి శుక్రవారం గిన్నెల పెట్టె తుడుస్తుంటే రెండు రకాల గిన్నెలూ ఉన్న పళ్లెం జారింది. నాలుగు మూతలు ఊడాయి. పేర్లు మూతల మీదే ఉన్నాయి. ఏది దేనిదో నాకెలా తెలుస్తుంది? తోచినట్టు పెట్టేశాను. అది ప్రమాదం. తప్పు మంగళవారం చేశాను.

ఆ రోజు చూస్తే, ఇంకా కలపకముందే రెండోవి కూడా మందుకు చావడం లేదు. అజాగ్రత్తగా కలిపేశావని ల్యాబు పెద్ద మేడమ్ ఆ పిల్ల మీద అరిచింది. వసంతి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఆయా, గిన్నెలేమన్నా కదిపినావా? నిజం చెప్పు, తిట్టను."

"నేనెందుకు కదపతాను పాపా? పేరు చదవకుండా ముట్టుకుంటానా?"

అటెండరు మునిరత్నం వసంతిని చూసి నవ్వాడు. "ఆయా కండ్లజోడు లేకుండానే చదవతాది. నీకు రెండు అద్దాలుండీ ఏం లాభం?"

"సరి పో. నా చెయ్యే మంచిది కాదు" అంది వసంతి.

ఆ మాటే నమ్మి, నెల తిరక్కుండా పరిశోధన మానేసి వెళ్లిపోయింది.

ఒప్పుకుంటే పని పోయేది. అంతేనా? కాదు. ఏ మూత ఎక్కడ పెట్టావో చదివి చూపించమంటే, చదువు రాదని నలుగురిలో తెలిసిపోయేది. దానికే ఎక్కువ భయపడ్డాను. ఒక పిల్ల ఎనిమిది నెలల కష్టం కంటే నా సిగ్గు పెద్దదా?

అరవై దాటాక అక్షరాలు దిద్దాను. మొదట రాయాలనిపించింది ఇదే, చెయ్యి ఆడలేదు. ఆ క్రిములే నిజంగా గుణం ఇచ్చిపుచ్చుకున్నాయేమో, మూతలకు సంబంధం లేదేమో అని ఇప్పటికీ ఒక్కోసారి నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది సాకు. అడిగినప్పుడు అబద్ధం చెప్పింది క్రిములు కాదు.

వసంతి ఎక్కడుందో తెలియదు. రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఆ పూట ఆ గదిలో ఉన్నవాళ్లు: పెద్ద మేడమ్ రేవతి. మునిరత్నం. వసంతి. కడిగే తొట్టి దగ్గర, నిజం తెలిసిన ఒక్కదాన్ని, నేను.