గీత పడిన పాట

ఆదివారం మధ్యాహ్నం దర్జీ కొట్టు తలుపు ఓరగా వేసి ఉందంటే లోపల పాటలు మొదలైనట్టే. కత్తిరింపుల బల్ల మీది బట్టలు పక్కకు జరిపి, రికార్డు ప్లేయరు పెట్టి, పాత రికార్డును మఖమల్ ముక్కతో పసిపాపను తుడిచినట్టు తుడిచి, ఊపిరి బిగబట్టి ముల్లు దించుతాడు దర్జీ. ఆయనకు అమెరికా పల్లెల కంట్రీ పాటలంటే ప్రాణం. వారం వారం పాటలకు వచ్చే పోస్ట్‌మ్యాన్‌కేమో రాక్ గిటార్ చెవులు హోరెత్తిస్తేగాని పాట విన్నట్టుండదు. అందుకని ఒకటి నీది, ఒకటి నాది. చివర్లో మాత్రం అందరూ కలిసి పాడేది ఒకటే, రైలెక్కి ఇంటికి పోయేవాడి పాట. అందులో రెండో చరణం దగ్గర ముల్లు ఒక పంక్తి గెంతుతుంది. ఒకప్పుడు దర్జీ అన్నయ్య ఆ పాటకు చిందులేస్తూ బల్లను తన్నినప్పుడు పడిన గీత అది. ఆ అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది.

మొన్న ఆ పాటల జట్టులోని లెక్కల మాస్టారు ముచ్చటపడి అదే పాట కొత్త రికార్డు తెచ్చాడు. గీత లేదు, గరగర లేదు. అందరూ గొంతు కలిపారు. రెండో చరణంలో అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారే పంక్తి గెంతేశారు. పాట వెనకబడిపోయింది. పోస్ట్‌మ్యాన్ పడీ పడీ నవ్వాడు. దర్జీ కూడా నవ్వాడు. ముల్లు ఎత్తి, పాత రికార్డు అందుకుంటూ, "పాట బాగుంది మాస్టారూ. ఇందులో మా అన్నయ్యే లేడు" అన్నాడు.