శబ్దం లేని బండికి బొమ్మ జాలీ

ఇసుక మూట మీద రేకు పెట్టి ఖాదర్ బాషా కొయ్యసుత్తితో కొడుతున్నాడు. గట్టిగా కాదు. ఒక దెబ్బ వేయడం, రేకును వేలెడు జరపడం, మళ్ళీ ఒక దెబ్బ. కాసేపటికొకసారి సుత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచేతిని రేకు మీద నెమ్మదిగా నడిపేవాడు. కంటికి ఆనని గుంత చేతికి తెలుస్తుంది. తెలిసిన చోట సుద్దముక్కతో గీత పెట్టి మళ్ళీ సుత్తి అందుకునేవాడు. అది పద్దెనిమిదో రోజు. బండి ముందుభాగమంతా అతుకు లేకుండా ఒకే రేకులో రావాలని ఆయన పంతం.

అది 2004 ఎండాకాలం. నంద్యాల నూనెపల్లెలో ఆయన షెడ్డు. గడివేముల నుంచి పన్నెండేళ్ళ వయసులో వచ్చి లారీల దగ్గర టింకరింగ్ నేర్చుకున్నాడు. అప్పటినుంచి గుద్దుకున్న జీపులకు, కార్లకు సొట్టలు తీయడమే బతుకు. ఆ పనిలో ఒక చిక్కుంది. ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోతుంది. బండి తీసుకుపోయేవాళ్ళు రంగు వేసినవాణ్ణి మెచ్చుకుంటారు గాని, సొట్ట ఎక్కడుండేదో వాళ్ళకే గుర్తుండదు. అన్నేళ్ళూ ఆయనకు అదొక లోటుగా తోచలేదు. రాజరత్నం సారు వచ్చాకే తోచింది.

సారుది ఆళ్ళగడ్డ. పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఒకరోజు పత్రికలోంచి చింపిన కాగితం పట్టుకుని షెడ్డుకొచ్చాడు. ఏదో విదేశీ కంపెనీ, పాతకాలపు రెండు సీట్ల పందెం కారు రూపం తీసుకుని, లోపల బ్యాటరీ పెట్టి నమూనాగా చూపించిందట. ఇంకా అమ్మకానికి రాలేదు.

“మోటారు, బ్యాటరీలు నేను చూసుకుంటా బాషా. రూపం నీది,” అన్నాడు సారు.

ఖాదర్ బాషా ఆ కాగితంలోని కారు బొమ్మను వారం రోజులు చూశాడు. బండి ముందు గుండ్రంగా పెద్ద జాలీ ఉంది. “సార్, జాలీ ఉండేది రేడియేటరుకు గాలి పోయేదానికి గదా. లోపల ఇంజనే ల్యాదు. ఇంగ గాలి ఎవురికి?”

సారు కాగితం వంక చూసి, పెద్దగా నవ్వాడు. “ఇన్నేండ్లు పాఠం చెప్పినోణ్ణి, నాకు తట్టలా చూడు. మూసెయ్యి.”

అట్లా బండి ముక్కు నున్నగా, ఎక్కడా రంధ్రం లేకుండా తయారైంది. ఖాదర్ బాషా పుట్టి బుద్ధెరిగాక, ఇంకొకరిది సరిచేయడం కాకుండా, తన తలలోంచి తీసి చేసిన మొదటి వస్తువు అదే. షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. రేకు ఎగుడుదిగుళ్ళను పూడ్చడానికి లప్పం పూస్తారు కదా, అది గోరు మందానికి మించకూడదు. ఈ ముక్కుకు ఆ గోరంత కూడా పట్టలేదు.

మహానంది రోడ్డులో ప్రమీలమ్మ టీ కొట్టు దగ్గర ఆదివారం పొద్దున పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళు చేరుతారు. పాత జీపులు, పాత మోటారు సైకిళ్ళు తుడుచుకుని తెచ్చుకుని, ఒకరిది ఒకరు చూసుకుంటారు. వాళ్ళలో పెద్దతల రుద్రవరం దాసరయ్య. నల్లమల అడవిలో వెదురు పనికి ముప్పై ఏళ్ళు జీపు తోలినవాడు. కనుచూపు మేర రాకముందే శబ్దాన్ని బట్టి ఏ బండో చెప్పగలడు. ఆయన ఒక మాట అంటే మిగతావాళ్ళు ఇంకో మాట అనరు.

మోటారు, బ్యాటరీలు బిగించాక ఒక ఆదివారం సారు బండి అక్కడికి తోలుకొచ్చి ఆపాడు. ఖాదర్ బాషా పక్క సీట్లోంచి దిగాడు. అందరూ చుట్టూ మూగారు.

“ఏందీ, వచ్చిందే తెల్యలా! మా ఇంట్లో మిక్సీ దీనికన్నా గట్టిగా అరుస్తాది!”

“సైలెన్సర్ యాడ సార్? ఇంటికాడ మర్చిపోయినారా?”

“నోరు కూడా ల్యాదే! అన్నం యాడ పెడ్తాండావ్ బాషా దీనికి?”

నవ్వులు. దాసరయ్య మాత్రం నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు ముందు నిలబడ్డాడు. “రూపం పాతదే. పని కూడా చేసినావ్, కాదన్ను. కానీ మొగం ల్యాదప్పా. బండికి ఎదురుగా నిలబడితే అది మనల్ని చూడల్ల. ఇది చూడ్డంల్యా.”

ప్రమీలమ్మ గ్లాసులు కడుగుతూ అంది: “నాకైతే ఆ ముక్కే బాగుండాదన్నా. నీళ్ళు పోస్తే యాడా నిలబడకుండా జారిపోయేట్లుంది.”

ఆ మాట ఖాదర్ బాషా చెవిన పడింది గాని లెక్కలోకి రాలేదు. ఆమెకు బండ్ల గురించి ఏం తెలుసు అనుకున్నాడు. దాసరయ్య మాటే ముల్లులా దిగింది.

తిరిగొచ్చేటప్పుడు సారు, “నాకు నచ్చింది బాషా. నీ ఇష్టం మల్ల,” అన్నాడు.

ముక్కు కోసి జాలీ పెడతానని ఇంట్లో చెబితే భార్య ఖాజాబీ అడిగింది. “జాలీ పెట్టమని సారు అడిగినాడా?”

“ల్యా.”

“మల్ల ఎవురడిగినారు?”

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మరునాడు ముక్కు మీద సుద్దతో గుండ్రంగా గీశాడు. ఉలి ఆనించాక కూడా కాసేపు ఆగాడు. తర్వాత కొట్టాడు. పాత కారొకదాని జాలీ తెచ్చి, కోసిన అంచుకు ఇనుప చట్రం గ్యాస్ వెల్డింగ్ చేశాడు. అంత పలచటి రేకుకు అంత వేడి తగలకూడదు. చుట్టూ తడిగుడ్డలు కప్పి, రోజుకు కొంచెంగా చేయాల్సిన పని. వచ్చే ఆదివారానికల్లా చూపించాలన్న తొందరలో ఒకే పూటలో కానిచ్చాడు. చల్లారేసరికి ముక్కంతా అలలు తేలింది. కొడితే రేకు ఇంకా సాగింది. ఒకచోట అణిస్తే ఇంకోచోట లేచింది. రెండు రోజులు తంటాలు పడి, చివరికి లప్పం డబ్బా తెరిచాడు. గోరు మందం కాదు, కొన్నిచోట్ల చిటికెన వేలి మందం పట్టింది. పైన ఎర్రరంగు కొట్టాక అద్దంలా మెరిసింది.

ఆ ఆదివారం దాసరయ్య జాలీ ముందు నిలబడి తొడ చరిచాడు. “ఇప్పుడయ్యా బండి! పనోడంటే ఇట్లుండల్ల! ప్రమీలమ్మా, బాషాకు టీ నా లెక్కలో.”

అందరూ భుజం తట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో ఎవరూ అట్లా తట్టలేదు. టీ అందిస్తూ ప్రమీలమ్మ మెల్లగా అడిగింది. “ముక్కు ఏమైందన్నా?”

ఖాదర్ బాషా గ్లాసు పక్కన పెట్టేశాడు. మెచ్చుకున్నదంతా తను చేసిన పనిని కాదు, దాన్ని చెడగొట్టి పైన పూసినదాన్ని. ఆ సంగతి ఎరిగినవాడు అక్కడ తనొక్కడే. రెండు రోజుల్లో సారు బండి తీసుకుపోతాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

మంగళవారం పొద్దున సారు వచ్చాడు. ఖాదర్ బాషా ఆయన కూర్చోకముందే చెప్పేశాడు.

“సార్, ఈ జాలీ చుట్టూ లోపలంతా లప్పమే. రేకు నేనే పాడు చేసినా. రెండేండ్లకు పగుళ్ళు వస్తాయి. ఇరవై దినాలియ్యండి, ముక్కు మల్ల కొత్తగా కొడ్తా. మొదట ఉన్నట్లే.”

సారు బండివైపు చూశాడు. “ఎల్లుండి కాలేజీలో ఎగ్జిబిషన్ బాషా. బండి పెడతానని మాటిచ్చినా. ఇంగ ఇట్లనే పోనీ.” జాలీని తట్టి అన్నాడు: “ఆ పొద్దు నేనే వద్దనుండాల్సింది.”

“మీరు నా ఇష్టమన్నారు సార్. నా ఇష్టమే చెడింది.”

సారు బండి ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు. “ముందు ఏందో టకటకమంటాంది.”

జాలీ అదురుతోంది. ఇంజను ఉంటే ఆ మోతలో కలిసిపోయేది. ఖాదర్ బాషా పాత సైకిల్ ట్యూబు కత్తిరించి నాలుగు బిళ్ళలు చేశాడు. జాలీని చట్రానికి బిగించిన నాలుగు మరలూ విప్పి, ఒక్కోదాని కింద ఒక్కో బిళ్ళ పెట్టి, బిగించాడు. జాలీని రెండు చేతులా పట్టి ఊపి చూశాడు. కదల్లేదు.

“పగిలినప్పుడు ఇంగొకరి కాడికి పోవాకండి సార్. ఈడికే తోలుకురాండి,” అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.