నిత్యజీవం బక్షీసు కాదు

ఎనభైల్లో ఉత్తరాదిలోని కారఖానాల ఊరు గమ్హరియా నుంచి వస్తున్న బస్సులో నా పక్కన ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ కూర్చుంది. కారఖానాలో తుప్పుపట్టిన నిచ్చెన విరిగి భర్త పోయాడని చెప్పింది. అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ముందు సీట్లోనే ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి, "ఏడవకమ్మా, మీ వోళ్లకి నిత్యజీవం ఉందట కదా," అన్నాడు.

ఆమె చివాలున లేచింది. "నిత్యజీవమంటే సచ్చినాక ఇచ్చే బక్షీసేటి? దేవుడితో బతకడం బాబూ! మా ఆయన ఇక్కడే ఆ బతుకు మొదలెట్టాడు, సావుతో అది తెగదు. అలాగని ఇక్కడి పేనం అలుసా? నిచ్చెన మార్చమంటే 'చల్తా హై', నడిచిపోద్దిలే అన్నావు. ఇప్పుడు మా దేవుణ్ణి అడ్డెట్టుకుంతావా?"

నాకూ ఒళ్లు మండింది. కాంట్రాక్టరు తరువాతి స్టాపులో దిగిపోయాడు.

నేను హిందువును. అయినా ఇప్పటికీ చావింట్లో ఎవరైనా "పుణ్యలోకాలకు పోయాడు" అంటే, ముందు ఎలా పోయాడని అడుగుతాను.