పుట్ట దగ్గర అమ్మ చదివింది

ఈ హిందీ ఊళ్లో, మా ఖుర్సీపార్‌లో పూజసామాన్ల కొట్టువాళ్లు ఇప్పుడు పుట్టమన్ను కూడా ప్లాస్టిక్ పొట్లాల్లో కట్టి అమ్ముతున్నారు. నిన్న ఒకటి కొని తెచ్చి విప్పితే అగరొత్తుల వాసన తప్ప ఏమీ రాలేదు. పచ్చిపాలు పడి నానిన మట్టి వాసన కోసం పొట్లంలో ముక్కు పెట్టి మరీ వెతికాను.

చిన్నప్పుడు ఈ ఊళ్లోనే, ఉక్కు ఫ్యాక్టరీ పనివాళ్ల బస్తీ క్యాంప్ 1లో మా ఇళ్ల వరస వెనకాల, రైలు కంచెనానుకొని నా ఎత్తు పుట్ట ఒకటి ఉండేది. నాగులచవితినాడు విజయనగరం నుంచి వచ్చిన ఇళ్లవాళ్లందరం తెల్లారకుండానే తలంట్లు పోసుకొని, చిమ్మిలి, చలిమిడి, నానిన వడపప్పు, పాలచెంబు, కోడిగుడ్లు పట్టుకొని, దీపావళికి కాల్చీ కాల్చక దాచిన మతాబులతో, కార్తీకం చలికి పళ్లు టకటకలాడుతుంటే అక్కడికి చేరేవాళ్లం. పిల్లల భక్తంతా చిమ్మిలి మీదే.

నాన్నది రైలు పట్టాలు చేసే మిల్లులో పని. ఆ హోరుకి చెవులు మెల్లగా పోతున్నాయి. డాక్టర్లు చేతులెత్తేశాక అమ్మకి పుట్టే దిక్కైంది. పాలు పోసి, కన్నానికి నోరానించి చదివేది. "నాగన్నా, మా ఇంటాయన సెవులు..." వరకే మాకు వినపడేది, తక్కినదంతా గొణుగుడు. తర్వాత తడిమన్ను నాన్న చెవులకు రాసి, ఎదురుగా నిలబడి, "ఇనిపిస్తందా?" అని అడిగేది. ఆమె పెదాలు చూసి నాన్న తలూపేవాడు. ఆ పూటంతా అమ్మ కాళ్లు నేల మీద ఆనేవి కావు.

"ఏటమ్మా సదువుతన్నావు?" అని ఒకసారి అడిగాను.

"పెద్దయినాక సెప్తాన్లే."

పెద్దయ్యాను. పుట్టను చదును చేసి సిమెంటు పలకలు పరిచారు. పోయిన వానాకాలం జ్వరం వచ్చి, అమ్మ ఏమీ చెప్పకుండానే పోయింది.

ఈ పొద్దున, చవితికి, నాన్న ఆ పలకల మీదే పొట్లంలో మన్ను కుప్పపోశాడు. ఎన్నడూ దేవుడి ఊసెత్తని మనిషి, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా అన్నాడు: "మీయమ్మ సదివిందే సదువు. పిల్ల ఇనాల. నానెప్పుడూ ఇన్లేదు."

పిల్లంటే నా కూతురు. దానికి తెలుగు సగమే వచ్చు. నేను వంగి, "నాగన్నా, మా ఇంటాయన సెవులు..." అన్నాను. ఆ తర్వాత ఏముంది? అమ్మా, ఒక్క ముక్క అందించవే అని లోపల మొత్తుకున్నాను. ఏమీ రాలేదు. నాన్న కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. ఆపలేక, ఉత్త పెదాలు కదుపుతూ పోయాను. నాన్న రెండు చేతులూ జోడించి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మమ్మీ, ఆవాజే రాలేదు, ఏం వినపడలేదు," అంది నా కూతురు మెల్లగా.

నాన్న కళ్లు తుడుచుకొని దాని వైపు తిరిగాడు. "ఇన్నావా తల్లీ?"

అది నా మొహం చూసింది. తర్వాత వాళ్ల తాతకి కనపడేలా గట్టిగా తలూపింది.