లాయరు ఆఫీసులో అన్నాచెల్లెళ్ల గొడవ

నాన్న ఆస్తి పంపకానికి లాయరును మాట్లాడుకుందామని ఈ రోజు ప్రొద్దుటూరు వెళ్లాను. నాకంటే ముందు, జమ్మలమడుగు నుంచి ఒకే ఆటోలో వచ్చిన అన్నాచెల్లెళ్లు లాయరు ఎదుటే గొడవపడుతున్నారు.

"రోడ్డు పక్క చేను నువ్వే తీసుకోమ్మే," అంటాడు అన్న.

"నాకేటికి అన్నా? పిల్లోళ్లను సదివిస్తాండావు, నువ్వే పెట్టుకో," అంటుంది చెల్లెలు.

లాయరు తల పట్టుకున్నాడు. "ఎవురో ఒకరు తీసుకోండప్పా, నేను కాయితం రాయాల గదా!"

వింటుంటే నాకు కడుపు మండిపోయింది.

వాళ్లు వెళ్లాక, అన్నకూ నాకూ పంపకమని నేను చెప్పింది విని లాయరు నన్ను అడిగాడు. "మీ అన్న రాలేదామ్మా?"

"వచ్చినాడు సార్."

"యాడ?"

కిటికీలోంచి ఎదురు మేడ చూపించాను. అక్కడ ఉండేది ఇంకో లాయరు.

మీకూ ఆ జమ్మలమడుగు అన్నలాంటి అన్న ఉంటే, దయచేసి ఈ పూటకు కామెంట్లలో చెప్పకండి.